కొలతకు కుట్టించిన సైకిలు

మన చెన్నై పిల్లలకు బి.ఎస్.ఎ. అంటే సైకిలే. 1949లో మురుగప్ప వారు ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థతో కలిసి టి.ఐ. సైకిల్స్‌ను స్థాపించారు. అంబత్తూరు ఫ్యాక్టరీ నుండి హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. సైకిళ్ళు ఇంటింటికీ చేరాయి. అయితే ఫ్యాక్టరీ సైకిలు రెడీమేడ్ చొక్కా వంటిది. ఆరడుగుల మూడంగుళాల మా అబ్బాయికి ఏదీ సరిపోలేదు, మోకాళ్ళ నొప్పి మిగిలింది. “నాన్నా, నా కొలతకు ఫ్రేము నేనే చేసుకుంటాను” అన్నాడు.

బేంకువాడిని కదా, ఖర్చు ఎంతని అడిగాను. అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని తరువాత తెలిసింది.

వాడు ముందు గొట్టాలు కొని, తెలిసిన వెల్డరుతో అతికించాడు. వెనుక చక్రం పట్టే చోటు 130 మిల్లీమీటర్లు ఉంచాడు. తీరా నచ్చి కొన్న చక్రం హబ్బు 135. బలవంతంగా విడదీస్తే ఒక పక్కే ఎక్కువ వంగి చైను వంకరగా నడిచింది. ఆ భాగం కోసి మళ్ళీ అతికించాల్సి వచ్చింది. లెక్క రాయకుండా చెక్కు రాసినట్లయింది!

కనుక ముందు విడిభాగాలు తేల్చుకోవాలి: హబ్బు వెడల్పు, బ్రేకు రకం, టైరు మందం, సీటు గొట్టం సైజు. పెడళ్ళ ఇరుసు కూర్చునే బి.బి. షెల్లు మర కూడా చూడాలి. ఎక్కువగా వాడే 68 మిల్లీమీటర్ల షెల్లు మరను బి.ఎస్.ఎ. మర అనే అంటారు. అందులో కుడివైపు కప్పు ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది.

ఆ తరువాతే గొట్టాలు. క్రోమోలీ ఉక్కు తేలిక అంటారు గాని, దాని సాంద్రత మామూలు ఉక్కుదే. బలం ఎక్కువ కనుక గొట్టం పలచగా తీయవచ్చు. అతుకు వేడి తగిలే కొసలు మందంగా, నడుమ పలచగా ఉండే బట్టెడ్ గొట్టాలు మరీ మేలు. ఈ పద్ధతికి రెనాల్డ్స్ 1897లోనే ఇంగ్లండులో పేటెంటు పొందారు.

పనిముట్లన్నీ కొనక్కరలేదు. చదునైన ఇనుప బల్ల, వెర్నియరు, హాక్సా, సగం గుండ్రని ఆకురాయి చాలు. మరలు కోసే ట్యాపులు ఖరీదైనవి, ఆ పని వర్క్‌షాపులో చేయించుకోవచ్చు. గొట్టాల కొసలు ఒకదానికొకటి సందు లేకుండా కూర్చునేదాకా రాయాలి. ఎంత మంచి అతుకైనా ఆ సందును దాచలేదు. వెండి సోల్డరు కొనేటప్పుడు కాడ్మియం లేనిదే అడగండి, దాని పొగ విషం.

ముందు ఫోర్కు మాత్రం చేయవద్దన్నాను. పరీక్షకు నిలిచిన రెడీమేడ్‌దే కొనిపించాను. అది విరిగితే మనిషి ముందుకు పడతాడు. పొదుపు చేయకూడని చోటు అది.

ఇప్పుడు వాడు మోకాలి నొప్పి లేకుండా తొక్కుతున్నాడు. కొలతలు రాసిన కాగితం నా పద్దు పుస్తకంలో భద్రంగా ఉంది. మీ పిల్లలు ఇలాంటిది మొదలుపెడితే, డబ్బు ఇచ్చే ముందు ఆ కాగితం అడగండి.