కర్త లేని దెబ్బలు

రహమత్ నగర్ గల్లీల్లో టీ కొట్ల దగ్గర, మెకానిక్ షెడ్లలో బతికే పిల్లలతో మాట్లాడినప్పుడల్లా వారి వాక్యం నన్ను నిలదీస్తుంది. ‘సేటు కొట్టాడు’ అని వారు అనరు. ‘దెబ్బలు పడ్డాయన్నా’ అంటారు, వాన పడినట్టు. కొట్టినవాడు వాక్యంలోంచే మాయమవుతాడు. 2025 నవంబరు ఉప ఎన్నికలో నాయకులు ఈ గల్లీలన్నీ తిరిగారు. ఈ పిల్లలకు ఓటు లేదు.

ఈ వ్యాకరణం పాతది. భార్యను, కొడుకును, దాసుడిని, శిష్యుడిని, తమ్ముడిని తాడుతోనో వెదురు బద్దతోనో కొట్టవచ్చునని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం అనుమతించింది. ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి వేర్వేరు శిక్షలు విధించిందీ అదే గ్రంథం. దండించే చెయ్యి ఎవరిదో, ఓర్చుకునే ఒళ్లు ఎవరిదో ముందే తేలిపోయిన చోట దెబ్బ నేరంగా కనిపించదు, క్రమశిక్షణగా కనిపిస్తుంది. దెబ్బకు దెయ్యం వదులుతుందని మనమింకా నవ్వుతూ అంటూనే ఉన్నాం.

చట్టాలకు కొదవ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే బడుల్లో బెత్తాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపునూ నిషేధించింది. బడి బయటి పిల్లలకు 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది: బిడ్డ తన అదుపులో ఉండగా హింసించినవారికి మూడేళ్ల వరకు జైలు. పని చేయించుకునే సేటు కూడా దీనికి అతీతుడు కాడు. 1098కి ఫోనూ చేయవచ్చు. కానీ కొట్టే చెయ్యే రాత్రికి అన్నం పెడుతుంది, షెడ్డులో పడుకోనిస్తుంది. ఫిర్యాదు చేసిన మరుక్షణం ఆ రెండూ పోతాయి. ధైర్యం చెప్పే ముందు ఆ రాత్రికి చోటు చూపాలి.

ఓంప్రకాశ్ వాల్మీకి ‘జూఠన్’లో ప్రధానోపాధ్యాయుడు దళిత బాలుడి చేత రోజుల తరబడి బడి ఊడ్పించి, తరగతిలో కూర్చున్నందుకు మెడపట్టి బయటికి ఈడ్చాడు. అటుగా వచ్చిన తండ్రి చీపురు లాక్కుని విసిరేసి, ఆ అయ్యవారిని నిలదీశాడు. వీధి బాలుడికి అలా అటుగా వచ్చే తండ్రి లేడు. బడి యాజమాన్య కమిటీలో కనీసం ముప్పాతిక వంతు, అంటే 75 శాతం, తల్లిదండ్రులూ సంరక్షకులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఎవరూ లేని బిడ్డ తరఫున అక్కడ కూర్చునేదెవరు? ఈ ప్రాంతపు ప్రభుత్వ బడుల కమిటీల్లో అలాంటి పిల్లలకు, వారే ఎంచుకున్న పెద్ద ఒకరికి చోటివ్వాలి. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ముస్కాన్ పేరిట పిల్లలను రక్షించే అధికారులు పేరు, ఊరు రాసుకున్నాక మరో ప్రశ్న అడగాలి: ఎవరు కొట్టారు? జవాబును పిల్లవాడి మాటల్లోనే, కర్తతో సహా రాసుకోవాలి.