అంచు ఏ పోర్టులో కలపాలి?

గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ విడివిడిగా నేసి ఆ తర్వాత కుట్టేవి కావు. మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి కలుపుతారు, కుప్పడం అంటారు దాన్ని. నెట్‌వర్క్ స్విచ్చులను ‘స్టాక్’ చేయడమూ ఇంచుమించు ఇలాంటి అల్లికే.

ఒక స్విచ్‌కున్న 48 పోర్టులు చాలకపోతే, ఇంకోటి తెచ్చి మామూలు కేబుల్‌తో తగిలించవచ్చు. అది కుట్టు. సెట్టింగులు దేనివి దానివే. స్టాక్ చేస్తే మాత్రం నాలుగైదు పెట్టెలు ఒకే ఐపీ చిరునామాతో ఒకే స్విచ్‌లా నడుస్తాయి. చిక్కల్లా ఆ అంచు ఏ పోర్టులో కలపాలన్నదే.

2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కొత్త జిల్లాలయ్యాయి. తర్వాత వనపర్తిలో 2022లో, మిగతా రెండు చోట్ల 2023లో సమీకృత కలెక్టరేట్లు తెరుచుకున్నాయి. ఇన్ని శాఖలు ఒకే కప్పు కిందికి చేరే భవనాల్లో, ఒకే ర్యాక్‌లో మూడు నాలుగు స్విచ్చులు పేర్చాల్సి రావడం మామూలే.

ఒకే ర్యాక్ అయితే వెనకవైపు స్టాకింగ్ కోసమే ఇచ్చిన పోర్టులు మేలు. 2003లో సిస్కో తెచ్చిన క్యాటలిస్ట్ 3750లో ఇవే ఉండేవి: 32 గిగాబిట్ల వేగం, తొమ్మిది స్విచ్చుల దాకా. ముందున్న పోర్టు ఒక్కటీ వృథా కాదు. కానీ వాటి కేబుల్ అర మీటరు, మీటరు, మూడు మీటర్లే. పై అంతస్తుకు అందదు.

అలాంటి చోట ముందున్న ఎస్ఎఫ్‌పీ ప్లస్ (ఫైబర్ మాడ్యూల్ పెట్టే) పోర్టులు వాడుకునే స్టాకింగ్ రకాలున్నాయి. హెచ్‌పీ ఐఆర్‌ఎఫ్, అరూబా వీఎస్‌ఎఫ్ ఆ కోవలోవే. ఫైబర్ మాడ్యూల్‌ను బట్టి వందల మీటర్లు, కిలోమీటర్లు కూడా దాటుతాయి. గద్వాల కోటలోని డిగ్రీ కళాశాలలాంటి, వనపర్తి రాజభవనంలోని పాలిటెక్నిక్‌లాంటి పాత ఆవరణల్లో ఆ దూరం ఆశపెడుతుంది. దాని ఖరీదూ ఉంది: అలాంటి పోర్టులు నాలుగే ఉండి, వాటిలో రెండు స్టాక్‌కే పోతే, పెద్ద స్విచ్‌కు వెళ్లే దారికి మిగిలేవి రెండే. పైగా ఆవరణలో జేసీబీ తవ్వకానికి ఆ ఫైబర్ తెగితే స్టాక్ రెండు ముక్కలవుతుంది. అప్పుడు రెండు ముక్కలూ తామే యజమానులమనుకుని ఒకే చిరునామా కోసం పోట్లాడుకోవచ్చు. ఒక ఒరలో రెండు కత్తులు. భవనానికీ భవనానికీ మధ్య మామూలు ఫైబర్ లింకు, ర్యాక్ లోపల స్టాక్ అన్న పద్ధతే నిశ్చింత.

కొనేముందు ఇంకో సంగతి. పెట్టె మీద ‘స్టాకబుల్’ అని ఉన్నంతమాత్రాన నమ్మకూడదు. కొన్నింట్లో అది నిర్వహణ మాత్రమే కలిపే ఏర్పాటు, డేటా దారి కాదు. ఒక కంపెనీ స్విచ్ ఇంకో కంపెనీ స్విచ్‌తో స్టాక్ కాదు, పోర్టు ఆకారం అచ్చం ఒకేలా ఉన్నా సరే. ఒకే కంపెనీవైనా మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కుదరాలి.

కలిపేటప్పుడు ప్రతి స్విచ్‌లోని రెండు స్టాక్ పోర్టులూ వాడాలి. పై స్విచ్ నుంచి కిందికి దిగివచ్చిన గొలుసును చివర మళ్లీ పైదానికి కలిపితే వలయం అవుతుంది. ఒక కేబుల్ ఊడినా డేటా రెండోవైపు తిరిగి వెళుతుంది. ఆ చివరి కేబుల్ స్టాక్ పొడవునా వెళ్లాలి కాబట్టి అర మీటరుది చాలకపోవచ్చు. స్విచ్‌లతోపాటే పొడవుది కూడా ఆర్డర్ పెట్టాలి.