గేమ్ స్ట్రీమింగ్‌కు రెండో కంప్యూటర్ అవసరమా? పనితీరు తగ్గకుండా రెండింటినీ కలపడం ఎలా?

కంప్యూటర్‌లో ఆట సాఫీగా సాగుతుంటుంది. అదే ఆటను యూట్యూబ్‌లోనో, ట్విచ్‌లోనో ప్రత్యక్ష ప్రసారం చేయడం మొదలుపెట్టగానే దృశ్యం తడబడుతుంది, మౌస్ కదలికకు స్పందన ఆలస్యమవుతుంది. ఆటకు ఒక కంప్యూటర్, ప్రసారానికి మరొక కంప్యూటర్ వాడడం దీనికి తరచూ వినిపించే పరిష్కారం. కానీ అది ఖర్చుతో కూడిన పని. అమరికలో లోపముంటే ఆ ఖర్చంతా వృథా అవుతుంది.

భారం ఎక్కడ పడుతుంది?

ఆట సెకనుకు 60 ఫ్రేముల వేగంతో నడవాలంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. 144 ఫ్రేములకైతే 7 మిల్లీసెకన్ల వ్యవధి కూడా ఉండదు.

ప్రసారం చేసేటప్పుడు ఇంకో పని తోడవుతుంది. 1920×1080 పిక్సెళ్ల దృశ్యం, సెకనుకు 60 ఫ్రేముల చొప్పున, కుదించకుండా ఉంటే సెకనుకు దాదాపు 3 గిగాబిట్ల సమాచారం అవుతుంది. ఇంటర్నెట్‌లో పంపేందుకు దానిని 6 మెగాబిట్ల స్థాయికి, అంటే ఇంచుమించు 500వ వంతుకు తగ్గించాలి. ఈ ప్రక్రియనే ఎన్‌కోడింగ్ అంటారు. ఎక్స్264 వంటి సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేయిస్తే, ఆటకు దక్కవలసిన ప్రాసెసర్ శక్తిలో కొంత అటు మళ్లుతుంది.

కొనే ముందు ఏం చూడాలి?

నేటి గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి ఎన్‌కోడింగ్ కోసమే ప్రత్యేక విభాగం ఉంది. ఎన్‌విడియా 2012 నుంచి ఎన్‌వెంక్ పేరుతో దీనిని అందిస్తోంది. 2018లో వచ్చిన ట్యూరింగ్ తరంతో దాని నాణ్యత బాగా మెరుగుపడింది. ఇంటెల్, ఏఎమ్‌డీలకూ ఇటువంటి ఏర్పాట్లున్నాయి. ఎన్‌కోడింగ్‌ను ఈ విభాగానికి అప్పగించి, గ్రాఫిక్స్ కార్డు పూర్తి సామర్థ్యంతో నడవకుండా ఆట ఫ్రేములకు పరిమితి విధిస్తే, చాలామందికి ఒక్క కంప్యూటరే సరిపోతుంది.

ఉచితంగా లభించే ఓబీఎస్ స్టూడియోలోని గణాంకాల విండో లోపం ఎక్కడుందో చూపుతుంది. రెండరింగ్‌లో ఆలస్యమైతే గ్రాఫిక్స్ కార్డుపై, ఎన్‌కోడింగ్‌లో ఆలస్యమైతే ఎన్‌కోడర్‌పై భారం ఎక్కువైందని అర్థం. నెట్‌వర్క్ కారణంగా ఫ్రేములు జారిపోతుంటే లోపం ఇంటర్నెట్‌లో ఉంది. దానిని రెండో కంప్యూటర్ సరిచేయలేదు.

రెండింటినీ కలిపే మార్గాలేమిటి?

మొదటిది క్యాప్చర్ కార్డు. ఆట కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ తీగ ద్వారా వచ్చే దృశ్యాన్ని ప్రసార కంప్యూటర్ ఈ కార్డుతో అందుకుంటుంది. ఆట కంప్యూటర్‌పై ఎన్‌కోడింగ్ భారం పడదు.

రెండోది ఎన్‌డీఐ. ఇందులో దృశ్యం ఇంట్లోని నెట్‌వర్క్ తీగ ద్వారానే వెళుతుంది, కార్డు కొననక్కరలేదు. అయితే దృశ్యాన్ని కుదించే పనిలో కొంత భాగం ఆట కంప్యూటర్ ప్రాసెసర్ మీదనే పడుతుంది. పూర్తి నాణ్యతతో పంపితే సెకనుకు 100 మెగాబిట్లకు పైగా సమాచారం ప్రవహిస్తుంది. కాబట్టి వైఫైని నమ్ముకోకుండా రెండు కంప్యూటర్లనూ గిగాబిట్ తీగతో కలపాలి. మధ్యలోని రూటర్ కూడా గిగాబిట్ వేగాన్ని అందుకునేదై ఉండాలి.

పనితీరు ఎందుకు పడిపోతుంది?

ఎక్కువ మంది ఇబ్బంది పడేది మానిటర్ అమరికలో. 144 హెర్ట్జ్ మానిటర్‌ను 60 హెర్ట్జ్‌కే పరిమితమైన క్యాప్చర్ కార్డుతో డూప్లికేట్ పద్ధతిలో కలిపితే, మానిటర్ కూడా 60కే పడిపోవచ్చు. మానిటర్ వేగాన్ని యథాతథంగా దాటించగల పాస్‌త్రూ కార్డు ఎంచుకోవడం ఒక ఉపాయం. కార్డును విడి తెరగా అమర్చి, ఆట కంప్యూటర్‌లోని ఓబీఎస్ నుంచి ఫుల్ స్క్రీన్ ప్రొజెక్టర్‌ను ఆ తెరపైకి పంపడం మరో ఉపాయం. రెండో పద్ధతిలో గ్రాఫిక్స్ కార్డుపై స్వల్ప భారం పడుతుంది.

శబ్దం సంగతీ ముందే చూసుకోవాలి. ఆట శబ్దం హెచ్‌డీఎంఐ ద్వారానే వెళ్లగలదు. క్యాప్చర్ కార్డు వల్ల ఆట దృశ్యం కొద్దిగా ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, ప్రసార కంప్యూటర్‌కు నేరుగా కలిపిన వెబ్‌క్యామ్‌కూ మైకుకూ ఓబీఎస్‌లో అంతే ఆలస్యాన్ని జోడించాలి. రెండు కంప్యూటర్ల మధ్య ఆడియో తీగ కలిపినప్పుడు గుంయ్‌మనే శబ్దం వస్తే, అది సాధారణంగా ఎర్తింగ్ తేడా వల్ల వచ్చేది. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న పరికరంతో అది తగ్గుతుంది.

రెండో కంప్యూటర్ ఎంత శక్తిమంతంగా ఉండాలి?

అది ఆట ఆడదు కనుక ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ఇంటెల్ క్విక్ సింక్ ఉన్న పాత కంప్యూటర్ ఇంట్లో ఉంటే ముందుగా దానితోనే ప్రయత్నించవచ్చు. సెకనుకు 6 మెగాబిట్ల చొప్పున 3 గంటలు ప్రసారం చేస్తే సుమారు 8 జీబీ డేటా ఖర్చవుతుంది. అప్‌లోడ్ వేగం 6 మెగాబిట్ల కన్నా తగినంత ఎక్కువగా ఉండాలి. కరెంటు కోతలుండే చోట రెండు కంప్యూటర్లతో పాటు రూటర్‌కూ యూపీఎస్ అవసరం.

అన్నీ కలిపిన తర్వాత ప్రసారానికి ముందు పది నిమిషాలు రికార్డు చేసి, శబ్దం, దృశ్యం ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో పరిశీలించాలి. ఆ సమయంలో ఆట కంప్యూటర్‌లోని ఫ్రేముల సంఖ్యను ప్రసారం లేనప్పటి సంఖ్యతో పోల్చి చూడాలి. రెండూ దాదాపు సమానంగా ఉంటే అమరిక సరిగా కుదిరినట్లే.