లైటు ఆరిందంటే నిండినట్టా, పోయినట్టా?

గుంటూరు నుంచి మా పిన్ని ఫోను. "ఒరేయ్, మావాడు డాలస్ నుంచి మోసుకొచ్చిన ఊడ్చే మెషిన్ అప్పుడే పోయిందిరా. రాత్రి చార్జింగ్ పెట్టినప్పుడు లైటు కొట్టుకుంటూనే ఉంది. పొద్దున లేచి చూస్తే ఒక్క దీపం లేదు."

"చార్జర్ పీకి, మీట నొక్కి చూశావా పిన్నీ?"

"లైటే లేనిదాన్ని ఏం నొక్కమంటావ్?"

నొక్కమన్నాను. ఫోన్లోంచే బుయ్యిమని మోత వినపడింది. మెషిన్ పోలేదు, కడుపు నిండి పడుకుంది అంతే.

పిన్నిని తప్పుపట్టలేను. మన ఇళ్లలో దీపం ఆరడం ఎన్నడూ మంచి కబురు కాదు. కరెంటు పోతే ఆరుతుంది, ఫ్యూజు కొట్టేస్తే ఆరుతుంది. పైగా మనం పెరిగింది ఎమర్జెన్సీ లైట్ల కాలంలో. వాటికొక ఎర్ర చుక్క ఉండేది. ప్లగ్గు పెట్టిన క్షణం నుంచి తీసేదాకా, లోపల బ్యాటరీ నిండినా నిండకపోయినా, అది వెలుగుతూనే ఉండేది. దానికి తెలిసిందల్లా కరెంటు ఉందా లేదా అన్నదే. ఇప్పటి కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ లైటుకి అంతకంటే చాలా తెలుసు. తెలిసింది చెప్పడానికి మాత్రం రెండు మూడు చుక్కలే ఇచ్చారు. చిక్కంతా అక్కడే.

ముందు చూడాల్సింది, ఆ లైటు ఎక్కడుందని. గోడకి పెట్టే అడాప్టర్ మీద ఒకటి ఉండొచ్చు, మెషిన్ని నిలబెట్టే స్టాండు మీద ఒకటి, బ్యాటరీ మీద ఇంకొకటి. అడాప్టర్ మీది లైటు, వీధి కుళాయిలో నీళ్లొచ్చాయని కేకేసే మనిషి లాంటిది. మీ బిందె నిండిందో లేదో దానికి తెలీదు. అది వెలుగుతూ, ఖాళీ అయిన బ్యాటరీ మీది లైటు వెలగకపోతే దారిలో ఎక్కడో తెగిందన్నమాట. చాలాసార్లు అది స్టాండు మీద మెషిన్ సరిగ్గా కూర్చోకపోవడమే. లేదా కరెంటు అందుకునే రెండు ఇత్తడి రంగు రేకుల మీద దుమ్ము పేరుకోవడం. దుమ్ము పీల్చే యంత్రానికి దుమ్ము పట్టడంలో వింతేముంది. ప్లగ్గు తీసేసి పొడిగుడ్డతో తుడిస్తే చాలు, తడి తగలనివ్వకూడదు.

అడాప్టర్ లైటు కూడా లేకపోతే గోడ మీది స్విచ్చు చూడండి. నవ్వకండి. అమెరికా ఇళ్లలో సాకెట్లకి మామూలుగా స్విచ్చు ఉండదు, ప్లగ్గు దూర్చితే కరెంటు వచ్చినట్టే. అక్కడ అమ్మే మెషిన్‌తో వచ్చే పుస్తకంలో స్విచ్చు వేయమన్న మాట ఉండదు. మన ఇంట్లో సాకెట్ పక్కన స్విచ్చు ఉంటుంది, దాన్ని రాత్రి ఎవరో ఒకరు అలవాటుగా ఆపేస్తారు. అక్కడి నుంచి తెచ్చిన అడాప్టర్ అయితే ప్లగ్గు పెట్టకముందే దాని వెనక చిన్న అక్షరాలు చదవాలి. ఇన్‌పుట్ దగ్గర 100-240 వోల్టులని ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. ఒక్క 120 అనే ఉంటే మన 230 వోల్టులకి అది ఆగదు, ఆ తర్వాత ఏ లైటూ వెలగదు.

ఇప్పుడు బ్యాటరీలోకి వెళ్దాం. బయటికి ఒక్క పెట్టెలా కనిపిస్తుంది గానీ లోపల వేలెడేసి పొడవున్న గుండ్రటి లిథియం అయాన్ సెల్స్ వరసగా ఉంటాయి. ఎక్కువ వాడుకలో ఉన్న రకం 18 మిల్లీమీటర్ల అడ్డకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఒక్కోదాన్ని 3.6 వోల్టులుగా లెక్కేస్తారు. డైసన్ వీ8లో ఇలాంటివి ఆరు, అందుకే దాని ప్యాక్ మీద 21.6 వోల్టులని ఉంటుంది. వీ10లో ఏడు, కాబట్టి 25.2. వీటికి కాపలాగా ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. సెల్స్ వోల్టేజి, వేడి, లోపలికీ బయటికీ పారే కరెంటు చూసుకోవడం దాని పని. లైటు పలికేది ఈ బోర్డు మాటే. బ్యాటరీకి సొంత నోరు లేదు.

సెల్ నిండేది 4.2 వోల్టుల దగ్గర. అంతకు మించి తోస్తే ప్రమాదం. అందుకని బిందె పట్టినట్టే పడతారు. మొదట కుళాయి బారెడు తిప్పి వదులుతారు. అంచు దగ్గరపడుతుండగా తగ్గించి, సన్నటి ధారతో నింపుతారు. ఈ సన్నధార దశలో చాలాసేపు గడుస్తుంది. మూడు లైట్ల మెషిన్లో మొదటి రెండూ చకచకా నిలిచి, మూడోది మాత్రం ఎంతకీ ఆగకుండా కొట్టుకుంటూ ఉందని కంగారు పడేవాళ్లున్నారు. అది జబ్బు కాదు, చివరి చెంబెడు నీళ్లు. సాయంత్రం చుట్టాలొస్తున్నారంటే దాని కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు, రెండు లైట్లతో హాలు ఊడ్చేయొచ్చు.

వాడేటప్పుడు కూడా ఈ మూడు లైట్లని మూడు సమభాగాలనుకోకండి. చవక మెషిన్లలో బోర్డు వోల్టేజి చూసి లైట్లు వెలిగిస్తుంది. లిథియం సెల్ వోల్టేజి మొదట కాస్త చురుగ్గా దిగి, మధ్యలో చాలాసేపు దాదాపు ఒకే మట్టాన నిలిచి, చివర్లో గభాలున పడిపోతుంది. గ్యాసు సిలిండర్‌ని తలచుకోండి. అడుగున ద్రవం మిగిలి ఉన్నన్నాళ్లూ మంట ఒకేలా ఉంటుంది. పప్పు పొయ్యి మీదున్నప్పుడే ఉన్నట్టుండి చిన్నబోతుంది. మంట చూసి ఎంత గ్యాసుందో చెప్పలేనట్టే, వోల్టేజి చూసి మధ్యలో ఎంత చార్జుందో బోర్డు గట్టిగా చెప్పలేదు. రెండో లైటు అరగంట ఉండి, చివరిది నాలుగు నిమిషాల్లో ఆరిపోతే మీరు మోసపోయినట్టు కాదు.

ఖరీదైనవాటిలో ఇంకో పద్ధతి ఉంది, అదీ మన వంటింటిదే. సిలిండర్ మార్చిన రోజు క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని, రోజులు లెక్కపెట్టుకుంటాం కదా. అలాగే బోర్డు లోపలికెళ్లిన కరెంటు ఎంత, బయటికొచ్చింది ఎంత అని జమాఖర్చు రాసుకుంటుంది. ఇంత శాతం ఉంది, ఇన్ని నిమిషాలొస్తుంది అని తెర మీద చూపించే మెషిన్లు ఈ లెక్క మీద ఆధారపడతాయి. క్యాలెండర్ లెక్క తప్పినట్టే ఇదీ కొద్దికొద్దిగా తప్పుతుంది. పదేసి నిమిషాలు వాడి మళ్లీ స్టాండెక్కించే ఇళ్లలో ఎప్పుడైనా ఒకసారి నిండా చార్జి కానిస్తే బోర్డు తన లెక్క సరిచేసుకుంటుంది.

టర్బో నొక్కగానే రెండు లైట్లు ఒకటవుతాయి, ఆపి కాసేపు ఉంచితే మళ్లీ రెండవుతాయి. పల్లెలో బోరు మోటారు వేసినప్పుడు ఇంట్లో బల్బు గుడ్డిదవుతుందే, అదే సంగతి. ఎక్కువ కరెంటు లాగేసరికి వోల్టేజి కుంగుతుంది, వదిలేస్తే లేస్తుంది. కొత్త బ్యాటరీలో ఈ కుంగడం తక్కువ, పాతదానిలో ఎక్కువ. అందుకే మామూలు స్పీడులో బాగానే నడిచి, టర్బోలో పెట్టగానే కూలబడుతుంటే బ్యాటరీకి వయసైందని నేను అనుమానిస్తాను. ఈ విషయంలో లైట్ల కంటే టర్బోనే ఎక్కువ నమ్ముతాను.

ఇక రంగులు. కంటికి కనిపించే వెలుగిచ్చి, వాడుకకి పనికొచ్చిన మొదటి ఎల్ఈడీ ఎరుపు, 1962 నాటిది. ఆకుపచ్చ, పసుపు తర్వాత వచ్చాయి. బాగా వెలిగే నీలం కోసం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. చార్జింగ్‌కి ఎరుపు, నిండితే ఆకుపచ్చ అన్న అలవాటు నీలం దొరకని రోజుల నుంచి వస్తోంది. కొత్త మెషిన్లలో నీలం, తెలుపు మామూలు పనులకి వాడి, ఎరుపుని ప్రమాదానికే దాచుకునేవి చాలా ఉన్నాయి. కాబట్టి ఒక మెషిన్లో ఎరుపంటే 'నింపుతున్నా', ఇంకోదానిలో 'నాకు బాగోలేదు'. కర్మాగారాల ప్యానెళ్లకి రంగుల అర్థాలు చెప్పే ఐఈసీ 60073 అనే ప్రమాణం ఉంది గానీ, ఇంటి చీపురుని తయారుచేసేవాళ్లు ఎవరి భాష వాళ్లు మాట్లాడుతున్నారు. వీళ్లంతా కూర్చుని ఒక్క మాట మీదికి రావచ్చుగా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రంగు కంటే కదలిక కొంచెం నమ్మదగింది. నెమ్మదిగా, ఊపిరి తీసినట్టు వెలిగి ఆరుతుంటే మామూలుగా నిండుతోందని. గబగబా కొట్టుకుంటే, అదీ ఎరుపో పసుపో అయితే, ఏదో అడ్డు పడిందని. ఆ అడ్డు బ్యాటరీదే కానక్కర్లేదు. గొట్టంలో జుట్టు చిక్కుకున్నా, ఫిల్టర్ మూసుకుపోయినా ఎన్నో మెషిన్లు ఇలాగే మొత్తుకుంటాయి. చార్జింగ్‌లో ఉండగా కొట్టుకుంటోందా, నడుస్తుండగానా అన్నది గమనిస్తే సగం గుట్టు విడిపోతుంది.

చార్జింగ్‌లో కొట్టుకుంటే మన ప్రాంతంలో మొదటి అనుమానం ఎండ మీదే. లిథియం సెల్స్‌ని మామూలుగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జ్ చేయాలి. చాలా కంపెనీలు ఇంకా ఇరుకైన హద్దు పెడతాయి. ఇది గది వేడి కాదు, సెల్ వేడి. రెంటచింతల లాంటి ఊళ్లో మేనెల మధ్యాహ్నం, పడమటి బాల్కనీలో స్టాండు, అప్పుడే ఇల్లంతా ఊడ్చి వేడెక్కిన బ్యాటరీ, దాన్ని తీసుకెళ్లి చార్జింగ్ పెడితే బోర్డు ఒప్పుకోదు. పసుపో ఎరుపో చూపించి తలుపేసుకుంటుంది. మెషిన్ని లోపలి గదిలో పెట్టి, గంట చల్లారనిచ్చి మళ్లీ పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చలిదేశాల్లో గ్యారేజీలో పెట్టుకునే మనవాళ్లకి ఇదే తిరగబడుతుంది. సున్నాకి దిగువన చార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా లోహంగా పైనే పేరుకుంటుంది, అది సెల్‌కి శాశ్వత నష్టం. అక్కడా బోర్డు మొరాయిస్తే మన మేలుకే.

చల్లారాకా, తుడిచాకా, వేరే సాకెట్‌లో చూశాకా కూడా అదే లైటు కొట్టుకుంటుంటే సర్వీసువాళ్లని పిలవడమే. పిన్ను పట్టిందని ఇంట్లో ఉన్న వేరే చార్జర్ గుచ్చకండి. పిన్ను ఒకటే అయినా వోల్టేజి వేరే ఉంటుంది. ప్యాక్ ఉబ్బినా, చిట్లినా, వాసన వచ్చినా లైటు ఏం చెప్పినా వినకుండా చార్జింగ్ ఆపేయాలి. పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారు మీదే ఉంది.

అసలు లైటే రాని ఇంకో సందర్భం మన ఇళ్లలో ఎక్కువైంది. అమ్మానాన్నలు ఇల్లు తాళం పెట్టి పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్తారు. ఆఖరి రోజు ఇల్లంతా శుభ్రంగా ఊడ్చి, ఖాళీ అయిన మెషిన్ని అలాగే మూల నిలబెట్టి వెళ్లిపోతారు. సెల్స్ ఊరికే ఉన్నా కొంచెం కొంచెం తరుగుతాయి, కాపలా బోర్డూ కాస్త తాగుతుంది. సెల్ వోల్టేజి మరీ దిగువకి పడిపోతే దాన్ని మళ్లీ నింపడం ప్రమాదమని చాలా బోర్డులు చార్జింగే ఒప్పుకోవు. తిరిగొచ్చి ప్లగ్గు పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. నిండా నింపి వెళ్లడమూ మంచిది కాదు, నిండుగా వేడిలో ఉంటే సెల్ త్వరగా ముసలిదవుతుంది. సగం దగ్గర ఆపి, స్టాండు మీంచి తీసి, చల్లటి చోట పెట్టాలి.

పిన్ని జూన్లో డాలస్ వెళ్లింది. విమానాశ్రయం నుంచి ఫోన్ చేసింది. "రెండో లైటు దగ్గర ఆపేశానురా. బియ్యం డబ్బా పక్కన పెట్టాను, అక్కడ ఎండ రాదు."