కొండ మీద పెళ్లి ప్లాన్ చేస్తున్నారా? ముందు నోటీస్ బోర్డు సంగతి చూసుకోండి

ఈ ఎపిసోడ్ ఓయూ క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజ్ ముందు చెట్ల కింద కూర్చుని చేస్తున్నాం. వెనకాల బండ్ల సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ చేసుకోండి.

ఇన్‌బాక్స్‌లో ఈ మధ్య ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "అన్నా, మేమిద్దరం ఏదైనా కొండ మీద, అడవిలో, ఎవరూ లేకుండా సింపుల్‌గా పెళ్లి చేసుకోవచ్చా? ప్లాన్ చెప్పు." రీల్స్ ఎఫెక్ట్ అని అర్థమవుతోంది. మంచు కొండ, తెల్ల గౌను, ఇద్దరే ఇద్దరు, డ్రోన్ షాట్. ఆ వీడియోలు చాలావరకు అమెరికా నేషనల్ పార్కుల్లో తీసినవి. కొలరాడో రాష్ట్రంలో అయితే పంతులూ అక్కర్లేదు, సాక్షులూ అక్కర్లేదు. ఇద్దరూ కౌంటీ ఆఫీసుకి వెళ్లి 30 డాలర్లు కట్టి లైసెన్స్ తీసుకుంటారు. 35 రోజుల్లోపు వాళ్లకి వాళ్లే పెళ్లి చేసుకుని సంతకం పెట్టి ఇచ్చేస్తే అయిపోయింది. పార్కులో చేసుకోవాలంటే పార్కు వాళ్ల పర్మిట్ ఒకటి తీసుకోవాలి. దాన్ని వాళ్లు ఎలోప్‌మెంట్ అంటారు. ఇంట్లో వాళ్లకి తెలిసే జరగొచ్చు, సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మానాన్నలకి చూపించొచ్చు కూడా.

అదే మాటని మన దగ్గర తెలుగులో చెప్పండి. లేచిపోవడం. విన్నారా, ఒక్క మాటలో వీధి మొత్తం వచ్చేసింది! అక్కడ పర్మిట్ దొరుకుతుందా అనేది సమస్య. ఇక్కడ సమస్య వేరే ఉంది. అందుకే నా ఆర్డర్ కూడా వేరే: ముందు కాగితం, తర్వాత సేఫ్టీ, ఆఖరికి కొండ.

సరే, మన దగ్గర కొండ, నేషనల్ పార్క్, పెళ్లి మూడూ కలిసే చోటు ఉందా అంటే ఉంది. తిరుమల. శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ ఉంది, 1989లో ప్రకటించారు, 353 చదరపు కిలోమీటర్లు. తిరుమల చుట్టూ ఉన్నది ఆ అడవే. కొండ మీద పాపవినాశనం రోడ్డులో టీటీడీ వాళ్ల కల్యాణ వేదిక ఉంది. 2016 నుంచి అక్కడ ఉచితంగా పెళ్లిళ్లు చేస్తున్నారు. పురోహితుడు, మంగళ వాయిద్యం, పసుపు కుంకుమ, కంకణం అన్నీ వాళ్లే ఇస్తారు. వినడానికి పర్ఫెక్ట్‌గా ఉంది కదా? కానీ రూల్స్ చదవండి. అమ్మాయి, అబ్బాయి ఇద్దరి తల్లిదండ్రులూ రావాలి. ప్రేమ పెళ్లిళ్లు, రెండో పెళ్లిళ్లు చేయరు. అంటే ఇంట్లో చెప్పకుండా తార్నాక నుంచి రైలెక్కి కొండకి పోతే దర్శనం అవుతుంది గానీ, ఆ వేదిక మీద పెళ్లి కాదు.

ఇప్పుడు కాగితం. ఇద్దరూ చట్టం దృష్టిలో హిందువులైతే, కులాలు వేరైనా సరే, 1955 నాటి హిందూ వివాహ చట్టం సరిపోతుంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దాని కిందికే వస్తారు. దీంట్లో నెల రోజుల నోటీస్ లేదు. పెళ్లి చేసుకుని, సాక్షులతో వెళ్లి రిజిస్టర్ చేయించుకోవడమే. గుడిలో అయినా, ఆర్యసమాజ్‌లో అయినా పెళ్లి తంతు మాత్రం నిజంగా జరగాలి. 2024లో సుప్రీంకోర్టు డాలీ రాణి కేసులో క్లియర్‌గా చెప్పింది: తంతు జరగకుండా చేతిలో సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే అది హిందూ వివాహం కాదు అని. కాబట్టి "రండి, గంటలో సర్టిఫికెట్ ఇచ్చేస్తాం" అనే వాళ్ల దగ్గర జాగ్రత్త. రేపు ఎవరైనా కోర్టులో ఆ పెళ్లి జరగలేదంటే చూపించడానికి ఫోటోలు, వీడియో, సాక్షులు కావాలి. రీల్ కోసం కాదు, రుజువు కోసం షూట్ చేయించుకోండి.

మతాలు వేరైతే, ఎవరూ మతం మారకూడదనుకుంటే, 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్. ఇక్కడే చాలామంది ప్లాన్ బోల్తా కొడుతుంది.

మీ ఇద్దరిలో కనీసం ఒకరు ఏ జిల్లాలో వరుసగా 30 రోజులు ఉన్నారో, ఆ జిల్లా మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీస్ ఇవ్వాలి. ఇక్కడ ఒక లోకల్ తిరకాసు చెప్తా. తార్నాక హైదరాబాద్ జిల్లా. మెట్రోలో ఒక్క స్టేషన్ ముందుకి పోతే హబ్సిగూడ, అది మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా. రూమ్ హబ్సిగూడలో, చదువు ఓయూలో అయితే ఏ ఆఫీసో ముందే కనుక్కోండి. హాస్టల్ బోనఫైడ్ ఒప్పుకుంటారా, రెంట్ అగ్రిమెంట్ కావాలా అన్నది కూడా ఆ కౌంటర్‌లోనే అడగండి, యూట్యూబ్‌లో కాదు. నన్ను కూడా కలిపే అంటున్నా.

నోటీస్ ఇచ్చాక దాని కాపీ ఆఫీసులో అందరికీ కనిపించేలా అతికిస్తారు. మీ పేర్లు, వయసు, అడ్రస్ అన్నీ అందులో ఉంటాయి. 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. చాలామందికి తెలియంది దీని తర్వాతి ముక్క. మీలో ఒకరి పర్మనెంట్ అడ్రస్ వేరే జిల్లా అయితే, కాపీ ఆ జిల్లా ఆఫీసుకి కూడా పోతుంది, అక్కడా అతికిస్తారు. ఆరో సెక్షన్ అదే చెప్తుంది. ఓయూలో చదివేవాళ్లలో ఎంతమంది సొంతూరు హైదరాబాద్? నల్గొండ, వరంగల్, ఆదిలాబాద్, పాలమూరు... మీరు ఇక్కడ సీక్రెట్ అనుకుంటూ ఉంటే, మీ జిల్లా రిజిస్ట్రేషన్ ఆఫీసులో గోడ మీద మీ పేరు ఉంటుంది. ఆ ఆఫీసుకి భూమి పని మీద మీ బాబాయి వెళ్లడా? డాక్యుమెంట్ రైటర్లు చూడరా? మీరు పెట్టిన కాగితమే మీ ఇంటికి కబురు చేరేస్తుంది. అది తెలిసే ప్లాన్ చేసుకోవాలి.

ఇంటికి పోస్ట్‌లో పంపాలని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో, జంట కోరితేనే నోటీస్ అతికించండి అని చెప్పింది. కానీ అది ఉత్తరప్రదేశ్ హైకోర్టు, ఆ తీర్పు చూపించి ఇక్కడి ఆఫీసులో పట్టుబట్టలేం. నా మటుకు నాకు ఆ నోటీస్ బోర్డు రూల్ ఉండకూడదనే అనిపిస్తుంది. ఇంట్లో వాళ్లు కుదిర్చిన పెళ్లికి ఏ గోడ మీదా అతికించరు కదా.

లెక్క ఎలా వస్తుందో చూడండి. జూన్ 1న తార్నాకలో రూమ్‌లో దిగారనుకుందాం. జూలై మొదట్లో నోటీస్. ఆగస్టు మొదట్లో పెళ్లి. నోటీస్ ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో చేసుకోకపోతే అది చెల్లదు, మళ్లీ మొదటికి. పెళ్లి రోజు ముగ్గురు సాక్షులు కావాలి. ఇక అభ్యంతరం అంటే "మా కులం కాదు", "మా పరువు పోయింది" అనేవి కాదు. వయసు చాలలేదు, ఇదివరకే పెళ్లయింది, దగ్గరి రక్త సంబంధం, మానసికంగా సమ్మతి ఇచ్చే స్థితి లేదు, ఇలాంటివే. ఆఫీసర్ 30 రోజుల్లో విచారించి తేల్చాలి. కాదంటే జిల్లా కోర్టుకి అప్పీల్‌కి వెళ్లొచ్చు.

వయసు గురించి ఒక్కసారే చెప్తా. అమ్మాయికి 18, అబ్బాయికి 21. అమ్మాయికి 18కి ఒక్క రోజు తక్కువున్నా ఈ వీడియో మీకు కాదు. అబ్బాయి మీద పోక్సో కేసు పడుతుంది, జీవితం ఆగిపోతుంది. వెయిట్ చేయండి.

ఇప్పుడు ఫోన్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన తరం దొరికిపోయేది దాంతోనే. మీ ఆధార్‌కి లింకైన నంబర్ ఎవరిది? చాలామందికి నాన్న నంబర్ ఉంటుంది. స్లాట్ బుక్ చేస్తుంటే ఓటీపీ నాన్నకి పోతుంది! ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్లి సొంత నంబర్ మార్పించుకోండి. బ్యాంక్ అకౌంట్ మెసేజ్‌లు ఎవరి ఫోన్‌కి పోతున్నాయి, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉందా, వాట్సాప్ వెబ్ ఇంట్లో కంప్యూటర్‌లో లాగిన్ అయి ఉందా, అన్నీ చెక్ చేయండి. టెన్త్ మెమో ఒరిజినల్ ఎక్కడుందో చూసుకోండి, వయసుకి అదే ముఖ్యమైన రుజువు. డిగ్రీ ఒరిజినల్స్ కాలేజీలో ఉంటే సరే, ఇంట్లో బీరువాలో ఉంటే మాత్రం పండక్కి వెళ్లినప్పుడు తెచ్చుకోవడం మంచిది. గొడవ అయ్యాక ఆ బీరువా మీకు తెరుచుకోదు.

కామెంట్స్‌లో ఒక చెల్లెలు అడిగింది: "ఇంట్లో వాళ్లు మిస్సింగ్ కేసు పెడితే?" పెడతారమ్మా, అబ్బాయి మీద కిడ్నాప్ కేసు కూడా పెట్టొచ్చు. భయపడి ఫోన్ ఆఫ్ చేసి ఊళ్లు తిరగడమే పెద్ద తప్పు. మేజర్లమని ప్రూఫ్‌లు, పెళ్లి కాగితం, ఫోటోలు పట్టుకుని, తెలిసిన లాయర్‌తో పోలీస్ స్టేషన్‌కి మీరే వెళ్లండి. "నా ఇష్టంతో వచ్చాను" అని అమ్మాయి చెప్పే మాటే అక్కడ కీలకం. కావాలంటే మేజిస్ట్రేట్ ముందు కూడా స్టేట్‌మెంట్ ఇవ్వొచ్చు. ప్రాణభయం ఉంటే హైకోర్టులో రక్షణ కోసం రిట్ వేయొచ్చు. 2006లో లతా సింగ్ కేసులో, 2018లో హదియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఒకటే: మేజర్ అయిన మనిషి ఎవరిని పెళ్లి చేసుకోవాలన్నది వాళ్ల ఇష్టం. 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో ఇంకా ముందుకెళ్లి, ఇలాంటి జంటల కోసం జిల్లాల్లో స్పెషల్ సెల్స్, సేఫ్ హౌస్‌లు పెట్టాలని రాష్ట్రాలకి చెప్పింది. మీ లాయర్‌కి ఆ కేసు పేరు చెప్పండి, పిటిషన్‌లో పనికొస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ తీర్పు వచ్చి ఆరు నెలలు కూడా కాకముందే, సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఏం జరిగిందో మీకు తెలుసు. గర్భిణి భార్యని చెకప్‌కి తీసుకెళ్లి వస్తుంటే హాస్పిటల్ బయటే ప్రణయ్‌ని నరికి చంపారు. వాళ్లది చట్టబద్ధమైన పెళ్లి. ఇద్దరూ మేజర్లు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది, అంటే తీర్పుకి ఆరేళ్లకి పైనే పట్టింది. 2022 మేలో ఇక్కడే సరూర్‌నగర్‌లో, నడిరోడ్డు మీద, జనం చూస్తుండగా ఇంకో అబ్బాయిని భార్య కళ్ల ముందే చంపారు. అక్కడ మతాలు వేరు. రెండు చోట్లా పెళ్లి రోజు ఏమీ కాలేదు, నెలల తర్వాత జరిగింది. అందుకే పెళ్లి అయిపోగానే ప్లాన్ అయిపోయినట్టు కాదు. మొదటి ఏడాది ఎక్కడుంటారు, రోజూ ఒకే దారిలో వెళ్తున్నారా, అడ్రస్ ఎవరికి తెలుసు, ఇన్‌స్టాలో ఇంటి ముందు ఫోటో పెడుతున్నారా, ఇవి పెళ్లి డ్రెస్ కంటే ముఖ్యం. "అంతా మర్చిపోయాం, ఇంటికి రండి" అని ఫోన్ వస్తే ఒంటరిగా వెళ్లొద్దు. మొదటిసారి బయట ఎక్కడైనా, పెద్దమనిషి ఒకరిని పెట్టుకుని కలవండి. ఎమర్జెన్సీకి 112, ఆడవాళ్లకి 181. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

అందరి ఇళ్లూ అలా ఉంటాయని కాదు. మస్తు ఇళ్లలో ఆర్నెల్లు మాటలుండవు, తర్వాత మనవరాలు పుడితే తాతే వచ్చి ఎత్తుకుంటాడు. మీ ఇల్లు ఏ రకమో మీకే తెలుసు. ఒక్క అత్తో, మేనమామో, పెద్దక్కో మీ వైపు ఉన్నారేమో చూడండి. ఒక్కళ్లున్నా సగం లొల్లి తగ్గుతుంది.

డబ్బు గురించి క్విక్‌గా. ఇద్దరిలో ఒకరే ఎస్సీ అయితే కులాంతర వివాహ ప్రోత్సాహకం తెలంగాణలో రెండున్నర లక్షలు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి, పెళ్లయిన ఏడాదిలోపు అప్లై చేయాలి. అది వెంటనే చేతికొస్తుందనుకుని రూమ్ అడ్వాన్స్ ప్లాన్ చేయకండి. కనీసం ఆరు నెలల అద్దె, తిండి ఖర్చు చేతిలో ఉండాలి, ఇద్దరిలో ఒకరికైనా జీతం ఉంటే మంచిది. సెమిస్టర్ ఎగ్జామ్స్ మధ్యలో ముహూర్తం పెట్టుకోకండి బాబూ, హాల్ టికెట్ కోసం మళ్లీ ఈ క్యాంపస్‌కే రావాలి. మీ కోసం వెతికే వాళ్లు ముందు వచ్చేదీ ఇక్కడికే.

ఇక కొండ. కాగితం చేతికొచ్చాక ఎక్కడికైనా వెళ్లండి, మీ ఇష్టం. ఉదయం బయల్దేరితే సాయంత్రానికి తిరిగొచ్చేది వికారాబాద్ దగ్గర అనంతగిరి. శ్రీశైలం రోడ్డు అయితే మన్ననూర్ దగ్గర నుంచి అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు, టైమ్ చూసుకుని వెళ్లండి. నేషనల్ పార్క్, అభయారణ్యం లోపలికి 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పోకూడదు. పోయి హోమం పెట్టి నిప్పు రాజేశారంటే పెళ్లి రోజే ఫారెస్ట్ వాళ్లు కేసు రాస్తారు. డ్రోన్ సంగతి మర్చిపోండి. దండలు మార్చుకోండి, ఫోన్‌లో నాలుగు ఫోటోలు దిగండి, లొకేషన్ ట్యాగ్ మాత్రం చేయకండి.

స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లయితే ఆస్తి హక్కులు ఏమవుతాయని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇద్దరూ హిందువులైతే ఒక లెక్క, మతాలు వేరైతే ఇంకో లెక్క. అది పెద్ద టాపిక్, వచ్చే ఎపిసోడ్‌లో ఒక లాయర్ అక్కని పిలిచి మాట్లాడదాం. ప్రశ్నలు కింద రాయండి, పేర్లు, ఊళ్లు మాత్రం రాయకండి.