అటెస్టేషన్ ఫారం అడిగే నిజం

పట్టిసీమ మొదలు రాజమహేంద్రవరం దాకా గోదావరి గట్టు గ్రామాలలో పోలీసు కొలువు కోసం, సైన్యం కోసం తెల్లవారుజామునే పరుగు సాధన చేసే యువకులను మనం చూస్తూనే ఉంటాం. రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష గట్టెక్కాక వారి ముందుకు అటెస్టేషన్ ఫారం వస్తుంది. ఎన్నడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, న్యాయస్థానం జరిమానా విధించిందా అని అది అడుగుతుంది. ఆ జవాబులను పోలీసులు తమ రికార్డులతో సరిచూస్తారు.

అనేక కుటుంబాలు తడబడేది ఇక్కడే. మద్యం తాగి బండి నడిపి పట్టుబడటాన్ని మనం మామూలు చలానాగా భావిస్తాం. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే, మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ దానిని నేరంగా పరిగణిస్తుంది. తొలిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. న్యాయస్థానంలో జరిమానా కట్టి వచ్చినవాడు ఫారంలో "లేదు" అని రాస్తే అది అబద్ధమే.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని విశదపరచింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాపరికం ఉండరాదు. చిన్న వయసులో జరిగిన స్వల్ప తప్పిదమైతే, దానిని దాచినప్పటికీ యజమాని మన్నించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం హక్కుగా రాదు. పూర్వ ప్రవర్తనను పరిశీలించే అధికారం యజమానికి ఉంటుంది.

అమెరికాలో ప్రభుత్వ రహస్యాలతో ముడిపడిన ఉద్యోగాలకు సెక్యూరిటీ క్లియరెన్స్ తప్పనిసరి. అక్కడ పౌరసత్వం పొందిన తెలుగువారికీ ఆ పరిశీలన వర్తిస్తుంది. 2017 నుండి అమలులో ఉన్న మార్గదర్శకాలలో మద్యపానం ఒక అంశం, నిజాయితీ లేని ప్రవర్తన మరొక అంశం. వ్యసనాన్ని ఒప్పుకొని, చికిత్స పొంది, మద్యానికి దూరమైనవారి మార్పును అధికారులు లెక్కలోకి తీసుకుంటారు. ఎవరూ నిలదీయకముందే తన అబద్ధాన్ని సరిదిద్దుకున్నవారికీ అవకాశం ఉంటుంది.

కఅబ్ బిన్ మాలిక్ (రజి) గాథ మనకు తెలిసినదే. తబూక్ ప్రయాణానికి వెళ్లక వెనుకబడినవారిలో పలువురు సాకులు చెప్పి తప్పించుకున్నారు. ఆయన మాత్రం దైవప్రవక్త (స) సన్నిధిలో తనకు ఏ సాకూ లేదని ఒప్పుకున్నారు. యాభై రోజుల వెలిని భరించారు. చివరకు ఆయన తౌబా స్వీకరించబడింది. నిజం ఆయనను శిక్ష నుండి తప్పించలేదు, వినాశనం నుండి కాపాడింది.

కనుక తల్లిదండ్రులారా, "ఎవరికి తెలుస్తుందిలే, రాయకు" అని బిడ్డకు సలహా ఇవ్వకండి. కోర్టు కాగితాల నకలు తెచ్చుకొని, కేసు వివరాలు ఉన్నవి ఉన్నట్లు రాయించండి. ఇప్పటికే తప్పు రాసి ఉంటే, న్యాయవాదిని సంప్రదించి వెంటనే లిఖితపూర్వకంగా సరిచేయించండి. తాగుడు అలవాటుగా మారితే దానిని గుట్టుగా దాచక, కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. ఉద్యోగం ఒక అమానతు. దానిని అబద్ధంతో అందుకున్నవాడు ప్రతి పోలీసు విచారణకూ ఉలిక్కిపడుతూనే బతకాలి.