ఏడున్నర వేల గీతకు ఇవతల

ఫోర్ట్ కొచ్చిలో పాత డచ్చి కాలపు ఇంటినో, మిరియాల గోదామునో బాగుచేసి పది పదిహేను గదులతో నడిపే హోటళ్లున్నాయి. వీటినే బొటీక్ హోటళ్లంటారు: గదులు తక్కువ, ఒక్కో గదికి ఒక్కో ముస్తాబు, గోడల మీద చేత్తో వేసిన బొమ్మలు. ఫొటోలు చూస్తే మనసు లాగుతుంది. కింద రాత్రికి 7,200 అనో, టిఫిన్‌తో కలిపి 7,900 అనో కనబడుతుంది. ఉదాహరణకు తీసుకున్న ఈ రెండు ధరల మధ్య తేడా 700 అనుకుంటాం. కానీ కాదు.

హోటల్ గది మీద జీఎస్టీకి 7,500 దగ్గర ఒక గీత ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి, ఒక గదికి ఒక రాత్రికి 7,500 దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం. ఇన్‌కం ట్యాక్స్ శ్లాబుల అలవాటు కొద్దీ, గీత దాటిన ముక్క మీదే 18 శాతం అనుకునేరు. పన్ను మొత్తం అద్దె మీద పడుతుంది. 7,500 గది పన్నుతో 7,875 అవుతుంది. 7,600 గది 8,968. అద్దె వంద పెరిగితే జేబులోంచి 1,093 పోతుందన్నమాట.

డిస్కౌంటు ఇస్తే ఎలా లెక్కేస్తారు? మామూలు ధర 9,000 అయినా మీకు 7,400కి ఇచ్చారంటే, పన్నుకు లెక్క 7,400. కాబట్టి బేరం చేయడానికి జంకక్కర్లేదు. 7,700 చెప్పినవాళ్లను 7,500కి ఒప్పిస్తే, తగ్గింది 200 అయినా మీకు మిగిలేది 1,211.

ఇప్పుడు టిఫిన్ సంగతి. గదితో కలిపి ఒకే ధరకు ఇస్తే అదీ గది అద్దె కిందే జమ. 7,200 గది పన్నుతో 7,560. 7,900 గది 9,322. అంటే 700 అనుకున్న టిఫిన్ 1,762 పడింది. ఫోర్ట్ కొచ్చిలో అంత పెట్టాల్సిన పనేం లేదు. బర్గర్ స్ట్రీట్‌లో కాశీ ఆర్ట్ కెఫే ఉంది, ఇంకాస్త నడిస్తే వేడి పుట్టు, శెనగల కూర పెట్టే చిన్న హోటళ్లూ ఉన్నాయి. ఈ పేటలో అసలు సదుపాయం వీధే. లోపల దొరికేదానికి డబ్బు కట్టి, బయట ఉన్నదాన్ని వదులుకోవడం నాకైతే తెలివైన పనిగా తోచదు.

గది ఐదు శాతంలో దొరికినా భోజనం దగ్గర జాగ్రత్త. గత ఆర్థిక సంవత్సరంలో ఆ హోటల్ ఏ ఒక్క గదిని 7,500 పైన ఇచ్చి ఉన్నా, లోపలి రెస్టారెంటులో 18 శాతం పన్ను పడుతుంది. 1,200 భోజనానికి 216 రూపాయలు. బయటి హోటల్లో అయితే 60.

పన్నెండు గదుల హోటల్‌కు ఇంత ధర ఎందుకని అడగడం న్యాయమే. రిసెప్షన్ రోజంతా నడవాలంటే మూడు షిఫ్టులు, వారం సెలవులకు మరొకరు, మొత్తం నలుగురు. తలా 20,000 జీతం అనుకుంటే నెలకు 80,000. పన్నెండు గదుల్లో సగటున నూటికి 60 నిండితే (దీన్నే ఆక్యుపెన్సీ అంటారు) నెలకు 216 గది-రాత్రులు. ఒక్క రిసెప్షన్ ఖర్చే రాత్రికి 370. అదే 120 గదుల హోటల్‌లో 37. ఉప్పుగాలికి పెచ్చులూడే సున్నపు గోడలు, మాటిమాటికీ పాలిష్ కోరే చెక్క సీలింగు వేరే.

ఎప్పుడు వెళ్తున్నారన్నది ఇంకా ముఖ్యం. కొచ్చి-ముజిరిస్ బియనాలే, అంటే రెండేళ్లకోసారి జరిపే సమకాలీన కళా ప్రదర్శన, 2012 డిసెంబరు 12న ఇక్కడే మొదలైంది. పాత వ్యాపార సంస్థ భవనమైన ఆస్పిన్‌వాల్ హౌస్ అప్పుడు ప్రధాన వేదిక. ఆరో విడతకు 2025 డిసెంబరు 12 నుంచి 2026 మార్చి 31 దాకా, 110 రోజులు కేటాయించారు. డిసెంబరు చివరి వారంలో కార్నివాల్ కూడా తోడై గదులు దొరకవు, ధరలు ఆగవు. బొమ్మలు చూడాలనుకుంటే ఫిబ్రవరి మంచిది. వానంటే ఇష్టమైతే జూన్, జూలై చవక. ప్రదర్శన ఉండదు, దోమలుంటాయి.

బుక్ చేసేముందు గది ఎన్ని చదరపు అడుగులో అడగండి. బాత్‌రూముతో కలిపి 250 అంటే సుమారు 16 బై 16. ఇద్దరికి సుఖం, పిల్లలతో ఇరుకు. మేడ మీద గదైతే లిఫ్టు ఉందా, చెక్క నేల కిర్రుమంటుందా, కిటికీ వీధి వైపా పెరటి వైపా అన్నదీ కనుక్కోండి. అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు ఇవి పెయింటింగుల కన్నా ముఖ్యం. మధ్యాహ్నం రెండుకు చెక్-ఇన్, మర్నాడు పదకొండుకు చెక్-అవుట్ అంటే మీకు దొరికేది 21 గంటలే. 7,875కి గంటకు 375. ఉదయమే దిగేవాళ్లు సామాను పెట్టుకోనిస్తారా అని ముందే ఫోన్ చేయాలి.

నెడుంబస్సేరి విమానాశ్రయం నుంచి ఫోర్ట్ కొచ్చి 40 కిలోమీటర్ల పైమాటే. ట్యాక్సీ ఖర్చు బడ్జెట్లో రాసుకోండి. రైల్లో ఎర్నాకుళం దిగితే హైకోర్టు రేవు నుంచి వాటర్ మెట్రో ఉంది. 2024 ఏప్రిల్‌లో ఫోర్ట్ కొచ్చికి మొదలైనప్పుడు టికెట్ 40 రూపాయలు, ప్రయాణం సుమారు 20 నిమిషాలు. రాష్ట్ర జలరవాణా శాఖ పడవలు ఇంకా చవక.

చివర్లో బిల్లు చదవండి. సర్వీస్ ఛార్జీ అని వేరే పద్దుంటే అది పన్ను కాదు, హోటల్ వేసుకున్నది. దాన్ని తప్పనిసరిగా వసూలు చేయకూడదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న తేల్చింది. తీసేయమని అడిగి, ఆ డబ్బు గది శుభ్రం చేసినవాళ్ల చేతిలోనే పెట్టవచ్చు.